బరువు తగ్గించే శస్త్రచికిత్స అనంతరం పిత్తాశయంలో రాళ్లు

స్థూలకాయ నివారణకై జీర్ణాశయానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారు తొలి ఆరు నెలలలో పిత్తాశయం విషయమై ప్రత్యేక శ్రద్ధ వహించవలసి ఉంటుంది. కాలేయం స్రవించే పైత్యరసాన్ని నిలువ చేసి, కొవ్వు గల ఆహారం పేగులలోనికి చేరగానే ముడుచుకొని ఆ రసాన్ని విడుదల చేసే చిన్న సంచి ఇది.

ఇక్కడ పేర్ల చిక్కు ఒకటి ఉన్నది. కన్నడ కరపత్రాలలో ‘పిత్తజనకాంగ’ అంటే కాలేయం. మనం పిత్తాశయం అనేది వారికి ‘పిత్తకోశ’. ఇంట తెలుగు, వెలుపల కన్నడం వ్యవహరించే మన జిల్లాలో ఒకదానిని మరొకటిగా పొరబడడం సులభం. స్కానింగు నివేదికలో ‘గాల్‌బ్లాడర్’ అని ఉంటే అది పిత్తాశయమే.

శరీరం వేగంగా కృశించేటప్పుడు కొవ్వులోని కొలెస్టరాల్ అధికంగా పైత్యరసంలో చేరుతుంది. ఆ కాలంలో రోగి తినేది స్వల్పం, అందులో కొవ్వు మరీ స్వల్పం. కనుక పిత్తాశయం తరచుగా ముడుచుకోదు. రసం నిలిచి, ముదురుపాకంలో చక్కెర పలుకులు కట్టినట్లు గట్టిపడుతుంది. వారానికి 1.5 కిలోలకు మించి బరువు తగ్గేవారికి ఈ ముప్పు హెచ్చు.

నివారణ ఉన్నది. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారిపై జరిపి 1995లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, ఔషధం లేనివారిలో ఆరు నెలలకు 32 శాతం మందికి రాళ్లు ఏర్పడగా, దినానికి 600 మిల్లీగ్రాముల అర్సోడీఆక్సికోలిక్ ఆమ్లం తీసుకొన్నవారిలో 2 శాతం మందికే ఏర్పడినవి. వైద్యుడు ఈ మాత్రలు వ్రాసి ఇచ్చినట్లయితే, నొప్పి లేదు కదా అని నడుమ మానరాదు. నొప్పి రాకుండుటకే కదా అవి ఇచ్చినది! ఉలవచారు, అరటిదవ్వ రసం మూత్రపిండాల రాళ్లకు మనవారు వాడే గృహవైద్యం. పిత్తాశయపు రాళ్లు వాటితో కరుగుతాయనుటకు ఆధారం లేదు.

బాధ కలిగించని రాళ్లకు సాధారణంగా శస్త్రచికిత్స అవసరం లేదు. భోజనానంతరం కడుపు పైభాగాన, కుడివైపున నొప్పి పుట్టి వీపునకో, కుడి భుజానికో ప్రాకి, అరగంటకు పైగా నిలిస్తే మాత్రం దానిని ‘గ్యాస్’ అని త్రోసిపుచ్చరాదు. జ్వరం, కళ్లు పచ్చబడడం, ఆగని వాంతులు తోడైతే ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. అవసరమైతే 108కు ఫోన్ చేయాలి. రాయి జారి నాళాన్ని అడ్డగిస్తే క్లోమం సైతం వాచి ప్రాణాపాయం కలుగవచ్చు. నొప్పి కలిగించే పిత్తాశయాన్ని చిన్న రంధ్రాల ద్వారా తొలగించడమే స్థిరమైన చికిత్స. అది లేకున్నా పైత్యరసం కాలేయం నుండి నేరుగా పేగులోనికి ప్రవహిస్తుంది గనుక జీర్ణక్రియ సాగుతుంది.

నాళంలో రాయి చిక్కినప్పుడు సాధారణంగా నోటి గుండా గొట్టం పంపి తీస్తారు. బైపాస్ అయినవారిలో ఆహారమార్గం మారి ఉంటుంది గనుక మామూలు గొట్టం ఆ చోటికి చేరడం కష్టం. స్లీవ్ అయినవారిలో ఆ ఇబ్బంది లేదు. బెంగళూరులోనో, హైదరాబాదులోనో శస్త్రచికిత్స చేయించుకొన్నవారు, అర్ధరాత్రి నొప్పితో విమ్స్ అని జనం పిలిచే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చినప్పుడు, తమకు జరిగినది బైపాసా, స్లీవా అన్నది వైద్యునికి ముందుగా తెలుపవలెను. డిశ్చార్జి పత్రపు నకలు ఒకటి రోగి సంచిలోను, మరొకటి ఇంటివారి ఫోనులోను ఉంచుకొనుడు.