ఎంఎస్ అంటే చదువు ఒక్కటే కాదు

మన తెలుగువాళ్ళలో ఎంఎస్ అనగానే గుర్తొచ్చేది అమెరికా చదువు. ఏ యూనివర్సిటీ, ఏ బ్రాంచి అని అడుగుతాం. మా కుటుంబంలో మాత్రం నాలుగేళ్ళుగా ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది: మల్టిపుల్ స్క్లిరోసిస్. మా తోడికోడలికి 33 ఏళ్ళ వయసులో ఈ జబ్బు ఉందని తేలింది. ఆమె, మా మరిది ఇద్దరూ డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. అప్పటికి బాబుకు రెండేళ్ళు. ఉద్యోగం, వీసా, ఇన్సూరెన్స్, ఇంటిపని అన్నీ మళ్ళీ మొదటి నుంచి అమర్చుకోవాల్సి వచ్చింది.

తమకు తెలిసింది ఇంకో నాలుగు కుటుంబాలకు ఉపయోగపడితే చాలని, పేర్లు మాత్రం వద్దని చెప్పి వాళ్ళే నన్ను రాయమన్నారు. నేను డాక్టర్ని కాదు. మైక్రోబయాలజీలో డిగ్రీ చేసి, ఇప్పుడు ఇల్లు చూసుకుంటున్నాను.

అసలు ఏం జరుగుతుంది?

మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లోని తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు లాంటిది. ఎంఎస్‌లో మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఈ పొర మీద దాడి చేస్తుంది. అక్కడ సంకేతాలు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి ఆగిపోతాయి. గాయమైన చోట మచ్చ మిగులుతుంది. అలాంటి మచ్చలు చాలాచోట్ల ఉంటాయి కాబట్టే ఆ పేరు. పారిస్‌లో షార్కో అనే డాక్టర్ 1868లోనే దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వివరించారు.

మచ్చ ఎక్కడ పడితే దానికి తగ్గ లక్షణం కనిపిస్తుంది. అందుకే ఏ ఇద్దరికీ ఇది ఒకేలా ఉండదు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువగా బయటపడుతుంది. అంటువ్యాధి కాదు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు మాత్రమే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకడానికీ ఈ జబ్బుకూ గట్టి సంబంధం ఉందని 2022లో అమెరికా సైనికుల రికార్డుల మీద చేసిన పెద్ద పరిశోధన చూపించింది. అయితే ఆ వైరస్ పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా సోకేదే. వాళ్ళలో ఎంఎస్ వచ్చేది చాలా కొద్దిమందికి. కాబట్టి ఏ దోషం వల్ల వచ్చిందో అని జాతకాలు తిరగేయాల్సిన పని లేదు.

ఎలా బయటపడింది?

మొదట పాదాల్లో తిమ్మిర్లు వచ్చాయి. శాకాహారి కాబట్టి బి12 తక్కువై ఉంటుందనుకున్నారు. కొన్నాళ్ళకు కుడి కన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి, ఎర్ర చీర వెలిసిపోయినట్టు కనిపించడం. కంటి డాక్టర్ వెంటనే న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఎంఆర్ఐ తీశారు, వెన్ను నుంచి నీరు తీసి పరీక్షించారు.

ఇక్కడ మనవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎంఎస్‌లాగే కనిపించే ఎన్ఎంఓ అనే ఇంకో జబ్బు ఉంది. ఎంఎస్‌కి ఇచ్చే కొన్ని మందులు దాన్ని ఇంకా ముదరబెడతాయి. రక్తపరీక్షలో ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ ఉందేమో చూస్తే చాలావరకు తేడా తెలుస్తుంది. ఆ పరీక్ష చేశారా అని డాక్టర్‌ని అడగడంలో తప్పులేదు.

ఒంట్లో బాగానే ఉన్నా మందు ఎందుకు?

మా ఇంట్లో పెద్దవాళ్ళకు అర్థం కానిది ఇదే. స్టెరాయిడ్లతో చూపు తిరిగి వచ్చింది. ఇంకా మందులెందుకన్నారు. స్టెరాయిడ్ అప్పటి దాడిని తొందరగా తగ్గిస్తుంది, రాబోయే దాడిని ఆపదు. పైకి ఏమీ తెలియకుండానే లోపల కొత్త మచ్చలు పడవచ్చు. వాటిని తగ్గించే మొదటి మందు 1993లో వచ్చింది. ఇప్పుడు అమెరికాలో 20కి పైగా ఉన్నాయి. జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదు కానీ, తొందరగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ఏళ్ళ తరబడి తమ పనులు తాము చేసుకుంటున్నారు.

మా తోడికోడలు ఆరు నెలలకోసారి సెలైన్‌లా ఎక్కించే మందు తీసుకుంటుంది. దానితో రోగనిరోధక శక్తి కొంత తగ్గుతుంది కాబట్టి ఇండియా ప్రయాణానికి చాలా ముందే టీకాల గురించి డాక్టర్‌తో మాట్లాడతారు. ఊరి నుంచి వచ్చిన చూర్ణమైనా సరే, అడగకుండా వేసుకోదు.

వీసా, జీతం, ఇన్సూరెన్స్

ఉద్యోగం మానేయమని సలహా ఇచ్చినవాళ్ళే ఎక్కువ. ఆమె ఒప్పుకోలేదు. కనీసం 15 మంది పనిచేసే కంపెనీ అయితే ఏడీఏ చట్టం కింద తగిన సర్దుబాట్లు అడగవచ్చు. దీనికి టీం అందరికీ చెప్పుకోవాల్సిన పనిలేదు. హెచ్ఆర్ ఆ వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆమె మీటింగులు పొద్దునపూట పెట్టించుకుంది, మధ్యాహ్నం కాసేపు విశ్రాంతి అడిగింది. మా మరిది ఎఫ్ఎంఎల్ఏ వాడుకున్నాడు. కనీసం 50 మంది ఉన్న కంపెనీలో ఏడాది, అందులో 1,250 గంటలు పనిచేసి ఉంటే 12 వారాల జీతం లేని సెలవు దొరుకుతుంది. భార్య వైద్యం కోసం దాన్ని విడివిడి రోజులుగానూ తీసుకోవచ్చు.

రెండో ఏడు పూర్తిస్థాయి పని కష్టమైంది. హెచ్1బిలో పార్ట్‌టైంకి మారాలంటే కంపెనీ మళ్ళీ పిటిషన్ వేయాలి. వాళ్ళు ముందుకు రాలేదు. మా మరిదికి ఐ-140 అప్రూవ్ అయి ఉండటంతో ఆమె హెచ్4కి మారి ఈఏడీకి అప్లై చేసింది. అది చేతికొచ్చేదాకా ఐదు నెలలు జీతం లేదు. ఇప్పుడు వారానికి 24 గంటలు పనిచేస్తోంది. కాకపోతే ఇప్పుడు వీసా, ఇన్సూరెన్స్ రెండూ మా మరిది ఒక్కడి ఉద్యోగం మీదే ఉన్నాయి. అది పోతే చేతిలో ఉండేది 60 రోజులు. అందుకే కొత్త ఇల్లు కొనే ఆలోచన మానుకుని, ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టారు.

ఈ మందుల్లో చాలావాటి ధర ఏడాదికి 70 వేల డాలర్ల పైమాటే. ఉద్యోగం మారితే 30 రోజుల్లోగా భర్త లేదా భార్య కంపెనీ ప్లాన్‌లో చేరాలి. కొత్త ప్లాన్‌లో మందుకు ముందస్తు అనుమతి మళ్ళీ తెచ్చుకోవాలి. మందు కంపెనీల కోపే సహాయం ఉందేమో కూడా కనుక్కోండి.

కనపడని అలసట

ఈ జబ్బులో వచ్చే అలసట పడుకుని లేస్తే పోయేది కాదు. ఒళ్ళు వేడెక్కితే లక్షణాలు కాసేపు పెరుగుతాయి. చల్లబడితే తగ్గుతాయి. అది కొత్త దాడి కాదు. జ్వరం, ఇన్ఫెక్షన్ లాంటివి లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటితే మాత్రం డాక్టర్‌కి ఫోన్ చేయాలి. టెక్సాస్ ఎండల్లో ఆమె బయటి పనులు పొద్దున్నే ముగిస్తుంది. పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని వండుతుంది.

మొదట్లో మా మరిది ఆమెను ఏ పనీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకరోజు ఆమె, "నేను ఈ ఇంటికి చుట్టాన్ని కాదు, నా చేతిలో గరిట లాక్కోకు" అంది. ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. అప్పటి నుంచి ఆదివారం రాత్రి కూర్చుని వారం పనులు పంచుకుంటారు. ఏది చేయగలదో ఆమే చెబుతుంది. రాత్రి వంట, బాబు స్నానం ఆయనవి. వాళ్ళకు రెండో బిడ్డ కావాలని ఉంది. ఎంఎస్ ఉన్నా పిల్లల్ని కనవచ్చని, మందు ఎప్పుడు ఆపాలో ముందే ప్లాన్ చేసుకోవాలని డాక్టర్ చెప్పారు. ప్రసవమయ్యాక మొదటి మూడు నెలల్లో దాడులు పెరిగే అవకాశం ఉందనీ చెప్పారు. వాళ్ళింకా నిర్ణయించుకోలేదు. ఆ విషయం మేమెవరం అడగం.

చుట్టూ ఉన్న మనం

"చూస్తే బాగానే ఉన్నావు కదా" అన్న మాట ఆమెను అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టింది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు కూడా, పొద్దున నవ్వుతూ తిరిగిన కోడలు సాయంత్రానికి మంచం ఎందుకెక్కిందో తెలియక కలవరపడ్డారు. కాగితం మీద తీగ, తొడుగు గీసి చూపించాక ఆవిడే, "అయితే దీపాలు పెట్టేవేళకి పనులు పెట్టకండమ్మా" అన్నారు.

మీకు తెలిసిన ఇంట్లో ఎవరికైనా ఎంఎస్ ఉంటే వైద్యం చెప్పకండి. వాళ్ళను పిలవడం మానేయకండి. పార్టీ అయితే ఏసీ ఉన్న గది, కూర్చోవడానికి కుర్చీ చూడండి. చివరి నిమిషంలో రాలేమంటే నొచ్చుకోకండి. సెలైన్ ఎక్కించే రోజు పిల్లల్ని స్కూల్ నుంచి మీరు తీసుకొస్తామనండి. వాళ్ళకు కావాల్సింది అలాంటి సాయమే.