యానా నొవొత్నా: ఆట, ఆర్జన

పిల్లలూ, ఆఫీసులో గుమాస్తాకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఆ నెలలో ఒక రోజు తలనొప్పి వచ్చి పని సరిగా చేయలేకపోయినా అతని జీతంలో తేడా ఏమీ రాదు. కాని టెన్నిస్ ఆటను వృత్తిగా పెట్టుకున్న మనిషికి అలాటి జీతం లేదు. గెలిచినకొద్దీ డబ్బు, ఓడితే ఇంటిదారి. ఒక్కొక్కప్పుడు ఒకే ఒక బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అన్నదాని మీద లక్షల రూపాయలు ఆధారపడి ఉంటాయి.

అలాటి బంతి ఒకటి 1993లో చెక్ దేశపు క్రీడాకారిణి యానా నొవొత్నా చేతినుంచి తప్పిపోయింది. ఆమె సంగతి మీకు చెబుతాను.

యానా 1968 అక్టోబరు 2న బ్ర్నో అనే నగరంలో పుట్టింది. ఆ పేరు పలకటం మన నాలుకకు కొంచెం శ్రమే. మీ సైన్సు పుస్తకంలో బఠానీ మొక్కల మీద పరిశోధనలు చేసిన మెండెల్ పేరు ఉంటుంది గదా, ఆయన ఆ మొక్కలు పెంచినది ఈ ఊళ్లోని మఠం తోటలోనే. యానా పుట్టేనాటికి ఆ దేశాన్ని చెకొస్లొవాకియా అనేవారు. అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం ఉండేది. ఆటగాళ్లు పరాయి దేశం వెళ్లాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. అక్కడ గెలిచిన సొమ్ములో కొంత భాగం ప్రభుత్వపు క్రీడాసంస్థకు ఇచ్చుకోవాలి. మార్టినా నవ్రతిలోవా అనే గొప్ప క్రీడాకారిణి ఈ కట్టుబాట్లు భరించలేక, 1975లో ఆడటానికి అమెరికా వెళ్లి, తిరిగి రాక అక్కడే ఉండిపోయింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు.

యానా అలా వెళ్లిపోలేదు. 1987లో ఆమె టెన్నిస్‌ను వృత్తిగా స్వీకరించింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ ప్రభుత్వమే పోయింది. 1993 జనవరి 1న దేశం కూడా రెండయింది: ఒకటి చెక్ రిపబ్లిక్, రెండవది స్లొవాకియా. యానా చెక్ రిపబ్లిక్‌కు చెందింది.

“ఆటకు డబ్బేమిటి?” అని మీ తాతయ్య అడగవచ్చు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఇంగ్లండులో వింబుల్డన్ అనే చోట ఏటా పచ్చగడ్డి కోర్టుల మీద జరిగే పోటీలు ప్రపంచంలోకెల్లా పాతవి, పేరుపడ్డవి. అక్కడ 1967 వరకు డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లకే ప్రవేశం ఉండేది. 1954లో వింబుల్డన్ గెలిచిన యరొస్లావ్ డ్రాబ్నీ కూడా చెక్ జాతివాడే. ప్రాగ్ నగరంలో పుట్టి, 1949లో దేశం విడిచి, ఈజిప్టు పౌరుడుగా ఆడి గెలిచాడు. ఆయన కాలంలో విజేతకు పేరు దక్కింది గాని బహుమతి ధనం లేదు.

1968లో, అంటే సరిగా యానా పుట్టిన సంవత్సరమే, వింబుల్డన్ తలుపులు వృత్తి ఆటగాళ్లకు తెరిచారు. ఆ ఏడు మగవాళ్లలో గెలిచినవారికి 2,000 పౌండ్లు, ఆడవాళ్లలో గెలిచినవారికి 750 పౌండ్లు ఇచ్చారు. ఒకే కోర్టు, ఒకే బంతి, ఒకే వల. డబ్బు మాత్రం మూడోవంతు కన్న కాస్త ఎక్కువ! ఇది న్యాయం కాదని స్త్రీలు చాలా ఏళ్లు పోట్లాడారు. ఇద్దరికీ సమానంగా ఇవ్వటం వింబుల్డన్‌లో 2007లో గాని మొదలు కాలేదు. యానా ఆడినంతకాలం అక్కడ ఆమె పురుషులకన్న తక్కువ డబ్బుకే ఆడింది.

ఈ డబ్బు పంచే పద్ధతి కూడా తెలుసుకోండి. వింబుల్డన్ సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. మొదటి రోజుల్లోనే సగం మంది ఓడిపోతారు. వాళ్లకూ కొంత ముడుతుంది, కాని అది కొంచెమే. ఒక్కొక్క ఆట గెలిచినకొద్దీ ఆ మొత్తం పెరుగుతుంది. ఏడు ఆటలు వరసగా గెలిచినవారికి అందరికన్న ఎక్కువ. ఆఖరి ఆటలో ఓడినవారికి, యానా కాలపు లెక్కలో, విజేత సొమ్ములో సగం. ఇది చేతికి రాగానే మిగిలిపోయే సొమ్ము కూడా కాదు. విమానం ఛార్జీలు, హోటలు ఖర్చులు, నేర్పే గురువుకు ఇచ్చేది, రాకెట్టుకు తీగలు బిగించినందుకు ఇచ్చేది, ఆపైన పన్నులు, అన్నీ అందులోనుంచే పోవాలి. మోకాలు బెణికి నాలుగు నెలలు మంచంలో ఉంటే ఆ నాలుగు నెలలు ఆర్జన సున్న.

అందుచేత తెలివిగల ఆటగాళ్లు చాలామంది డబుల్స్ కూడా ఆడేవారు. డబుల్స్ అంటే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. బహుమతి తక్కువ, దాన్ని మళ్లీ ఇద్దరు పంచుకోవాలి. అయినా సింగిల్స్‌లో ఓడిన వారం కూడా దండగ కాదు. మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా కీర్తి చాలావరకు డబుల్స్‌లో వచ్చినదే. 2016లో సిన్సినాటి పోటీలో ఆమె పక్కన ఆడి గెలిచినది కూడా చెక్ క్రీడాకారిణే, బార్బరా స్ట్రిచోవా.

యానా డబుల్స్‌లో మొదటినుంచీ దిట్ట. తన దేశపు హెలెనా సుకోవాతో కలిసి 1989లోనూ, 1990లోనూ వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. సర్వీసు కొట్టి, వెంటనే వల దగ్గరికి పరుగెత్తి, బంతిని నేల మీద పడకుండానే తిప్పికొట్టటం ఆమె పద్ధతి. గడ్డిమీద బంతి ఎక్కువ ఎత్తు లేవకుండా జారిపోతుంది గనక అక్కడ ఈ పద్ధతి బాగా పనిచేసేది. కాని ఇది ధైర్యం కావలసిన ఆట. వెనక నిలబడి ఓపికగా కొట్టేవాడికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. వల దగ్గరికి పోయినవాడికి అది ఉండదు.

1990నుంచి హానా మాండ్లికోవా యానాకు గురువు అయింది. ఈ హానా కూడా చెకొస్లొవాకియాలో పుట్టినదే. ప్రపంచంలోని నాలుగు పెద్ద పోటీల్లో మూడింటిని గెలిచింది. ఆమెకు చిక్కనిది వింబుల్డన్ ఒక్కటే. 1981లోనూ, 1986లోనూ అక్కడ ఆఖరి ఆటదాకా వచ్చి ఓడింది. ఆ వెలితి తెలిసిన గురువు యానాకు దొరికింది.

ఇక 1993 వింబుల్డన్ ఆఖరి ఆట. అవతల జర్మనీకి చెందిన స్టెఫీ గ్రాఫ్. మొదటి సెట్టు స్టెఫీ 7-6తో కష్టం మీద గెలిచింది. రెండవది యానా 6-1తో అవలీలగా గెలిచింది. మూడవ సెట్టులో యానా 4-1తో ముందున్నది. సర్వీసు ఆమెదే, స్కోరు 40-30. ఇంకొక్క పాయింటు వస్తే 5-1. ఆ తరవాత ఒకే ఒక గేము గెలిస్తే చాలు, వింబుల్డన్ ఆమెదే.

టెన్నిస్‌లో సర్వీసుకు రెండు అవకాశాలుంటాయి. మొదటి బంతి తప్పితే రెండవది కొట్టవచ్చు. రెండూ తప్పితే పాయింటు అవతలివారికి పోతుంది. యానా రెండూ తప్పింది. ఆ గేము పోయింది. దానితో ఏమయిందో గాని, ఆమె చెయ్యి బిగుసుకుపోయింది. అతి సులువైన బంతులు కూడా బయట పడసాగాయి. స్టెఫీ వరసగా అయిదు గేములు గెలిచి సెట్టు 6-4తో ముగించింది.

ఆ ఏడు స్త్రీల విజేతకు 2 లక్షల 75 వేల పౌండ్లు. యానాకు అందులో సగం వచ్చింది. అంటే ఆ పావుగంటలో 1 లక్షా 37 వేల పౌండ్ల పైచిలుకు ఆమెకు దక్కకుండా పోయింది. కాని తరవాత జరిగినది డబ్బుకోసం అని నేను అనుకోను. బహుమతులు ఇస్తున్నది రాజవంశానికి చెందిన కెంట్ డచెస్. యానా ఆమె ముందుకు వచ్చి, నవ్వుదామని ప్రయత్నించి, నవ్వలేక, ఆవిడ భుజంమీద తల ఆనించి పసిపిల్లలాగా ఏడ్చేసింది. డచెస్ మర్యాదలన్నీ పక్కన పెట్టి ఆమెను దగ్గరికి తీసుకుని, నువ్వు తప్పక గెలుస్తావని ఓదార్చింది. ఆ ఫోటో ప్రపంచంలోని పత్రికలన్నిటిలోనూ పడింది. గెలిచిన స్టెఫీ ఫోటో కన్న అదే జనానికి ఎక్కువ గుర్తు.

గుర్తుండటం ఒక్కొక్కప్పుడు శిక్ష కూడా. 1995లో పారిస్ పోటీలో యానా మూడవ సెట్టులో 5-0తో ముందుండి కూడా చాండా రూబిన్ అనే అమెరికను అమ్మాయి చేతిలో ఓడింది. తొమ్మిదిసార్లు ఒక్క పాయింటు దూరంలో గెలుపు తప్పిపోయింది. “యానా చివర్లో బెదిరిపోతుంది” అని పత్రికలు రాశాయి. కొన్ని ఆమెకు ఎగతాళి పేర్లు కూడా పెట్టాయి. వినేవాళ్లకు అది వినోదం; ఆమెకు రేపు పొద్దున మళ్లీ కోర్టుకు వెళ్లటం జీవనోపాధి.

1997లో మళ్లీ వింబుల్డన్ ఆఖరి ఆట. ఈసారి ఎదురుగా ఉన్నది స్విట్జర్లాండుకు చెందిన 16 ఏళ్ల మార్టినా హింగిస్. మొదటి సెట్టు యానా గెలిచింది, తరవాతి రెండూ ఓడింది. డచెస్ మళ్లీ ఆమె చెయ్యి పట్టుకుని, మూడవసారి తప్పక కలిసివస్తుందన్నట్టు చెప్పింది.

1998లో మూడవసారి వచ్చింది. ముందటి ఏడు తనను ఓడించిన హింగిస్‌ను యానా సెమీఫైనల్లో ఓడించింది. ఆఖరి ఆటలో ఫ్రాన్సు దేశపు నతాలీ తోజియాను 6-4, 7-6తో గెలిచింది. అప్పటికి ఆమె వయసు 29. వృత్తి ఆటగాళ్లను రానిచ్చిన తరవాత, అంత పెద్ద వయసులో మొదటి పెద్ద సింగిల్స్ బహుమతి గెలిచిన స్త్రీ ఆనాటికి వేరొకరు లేరు. వెండి పళ్లెం ఆమె చేతికి ఇచ్చినది ఆ డచెస్సే. విజేత సొమ్ము 3 లక్షల 91 వేల 500 పౌండ్లు. ఆనాటి మారకం ప్రకారం మన రూపాయల్లో 2 కోట్ల 70 లక్షల దాకా ఉంటుంది. ఆ ఏడు పురుషుల విజేతకు 4 లక్షల 35 వేలు. తమాషా ఏమంటే, అదే పోటీలో హింగిస్‌తో జతకట్టి యానా డబుల్స్ కూడా గెలిచింది. సెమీఫైనల్లో శత్రువులు, డబుల్స్‌లో మిత్రులు!

మరుసటి ఏడు, 1999లో, యానా ఆట విరమించింది. మొత్తం మీద సింగిల్స్‌లో 24, డబుల్స్‌లో 76 పోటీలు గెలిచింది. ఒలింపిక్స్‌లో రెండు వెండి పతకాలు, ఒక కంచు పతకం తెచ్చింది. పోటీలలో గెలిచిన డబ్బు 1 కోటి 12 లక్షల డాలర్లు దాటింది. ఇందులో ఆ ఒక్క వింబుల్డన్ సింగిల్స్ గెలుపు వల్ల వచ్చినది చిన్న భాగమే. మిగిలినదంతా ఎవరి ఫోటోలోనూ పడని వందల ఆటలలో, వారం వెంట వారం, ఊరు వెంట ఊరు తిరిగి కూడబెట్టినది.

కథ ఇక్కడితో అయిపోలేదు. 2014లో యానా ఇంటి తలుపు ఎవరో తట్టారు. చూస్తే బర్బోరా క్రెయ్‌చికోవా అని బ్ర్నో అమ్మాయి. ఉత్తరం ఒకటి పట్టుకుని వచ్చింది. ఆమెకు 18 ఏళ్లు నిండాయి, ఇక పిల్లల పోటీలు ఆడటానికి వీల్లేదు. టెన్నిస్‌నే నమ్ముకోవాలా, చదువుకోవాలా తేలక సలహా కోసం వచ్చింది. ఆ వయసులో అది చిన్న ప్రశ్న కాదు. తీరా నమ్ముకున్నాక గెలుపు రాకపోతే ఏం గతి? ఈ వృత్తిలో డబ్బు ఎలా వస్తుందో, ఎలా రాకుండా పోతుందో యానా కన్న తెలిసినవాళ్లు అరుదు. ఆమె ఆ పిల్ల ఆట చూసి, నీలో శక్తి ఉన్నది, వృత్తిలోకి దిగమని చెప్పింది. తానే దగ్గర ఉండి నేర్పింది.

మూడేళ్లు గడిచాయి. యానాకు కాన్సరు జబ్బు చేసింది. 2017 నవంబరు 19న, 49వ ఏట, బ్ర్నో దగ్గరి ఒమిత్సె గ్రామంలో ఆమె చనిపోయింది. ఆట ఆనందంగా ఆడు, ఒక పెద్ద బహుమతి గెలవటానికి ప్రయత్నించు అని తన గురువు చివరి రోజుల్లో చెప్పినట్టు బర్బోరా తరవాత చెప్పింది.

2021లో బర్బోరా పారిస్‌లో సింగిల్స్, డబుల్స్ రెండూ గెలిచింది. 2024 జులైలో వింబుల్డన్ ఆఖరి ఆటలో ఇటలీ దేశపు జాస్మిన్ పవొలీనీని 6-2, 2-6, 6-4తో ఓడించింది. ఆమెకు వచ్చినది 27 లక్షల పౌండ్లు, అంటే 28 కోట్ల రూపాయలకు పైగా. అదే ఏడు పురుషుల విజేతకు కూడా సరిగా అంతే ఇచ్చారు.

వింబుల్డన్ కోర్టుకు వెళ్లే దారిలో విజేతల పేర్లు రాసిన బోర్డు ఒకటి ఉన్నది. బర్బోరాను అక్కడికి తీసుకుపోయి, అప్పుడే రాసిన ఆమె పేరు చూపించారు. అదే బోర్డు మీద 1998 పక్కన యానా పేరు ఉన్నది. రెండు పేర్లూ చూసి ఆ పిల్ల ఏడ్చేసింది.