చిగుళ్ళ నుంచి రక్తమా? పేస్టు ట్యూబు చదవండి!

నోటి శుభ్రత గురించి ముస్లింలకు కొత్తగా చెప్పనక్కర లేదు. నమాజుకు ముందు మిస్వాక్ చేయడాన్ని దైవప్రవక్త (స) ఎంతగానో ప్రోత్సహించారు. అయినా, "తోముకుంటే రక్తం వస్తోంది, వుజూ భంగమవుతుందేమో" అని బ్రష్షు మానేసిన పెద్దలను మేము తరచూ చూస్తున్నాము. తోమడం మానేస్తే రక్తం తగ్గదు, పెరుగుతుంది.

పంటి మొదట్లో పేరుకునే జిగురు పొరే పాచి. అది సూక్ష్మక్రిముల నిలయం. దాన్ని తీయకపోతే చిగురు ఎర్రబడి, వాచి, తాకితే చాలు రక్తం వస్తుంది. ఆ పాచే గట్టిపడితే గార. గారను దంతవైద్యుడు తీయవలసిందే, ఏ పేస్టుకూ అది కరగదు.

మరి ఏ పేస్టు మంచిది? మామూలు పేస్టుల్లో ఉండే సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది కాని, చిగుళ్ళ వాపుకు పెద్దగా పనిచేయదు. స్టానస్ ఫ్లోరైడ్ ఈ రెండు పనులూ చేస్తుంది. ఇందులోని తగరం క్రిములను అణచివేస్తుంది. కొందరికి పళ్ళపై మరకలు పడవచ్చు. జింక్ సిట్రేట్ కూడా పాచిని కొంత తగ్గిస్తుంది.

ఒకప్పుడు ట్రైక్లోసాన్‌కు మంచి పేరుండేది. అది కలిపిన ఫ్లోరైడ్ పేస్టు, కలపని దానికంటే పాచిని 22 శాతం, చిగుళ్ళ రక్తాన్ని 48 శాతం తగ్గించిందని 2013లో కోక్రేన్ సంస్థ 30 పరిశోధనలను పరిశీలించి తేల్చింది. అయితే దాని భద్రతపై సందేహాలు తలెత్తాయి. 2019లో అమెరికాలో కోల్గేట్ టోటల్ దాన్ని వదిలి స్టానస్ ఫ్లోరైడ్‌కు మారింది.

నురగను చూసి మోసపోవద్దు. అది సోడియం లారిల్ సల్ఫేట్ చేసే పని, శుభ్రతకు గుర్తు కాదు.

మిస్వాక్‌గా వాడే పీలూ పుల్లలో క్రిములను అరికట్టే పదార్థాలున్నాయి. అయితే పాచిని ఊడ్చేది దాని పీచు. కాబట్టి పీలూ సారం కలిపిన పేస్టు, పుల్లతో సమానం కాదు. పుల్ల వాడేవారు పళ్ళ లోపలి వైపును మరవకూడదు.

ఏ పేస్టయినా తోడు మాత్రమే. మెత్తని బ్రష్షుతో చిగురు అంచున, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమాలి. వుజూకు కాస్త ముందుగా తోముకొని, రక్తం ఆగాక వుజూ చేస్తే ఆ చింత ఉండదు. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే వైద్యునికి చూపించాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు అంతకాలం ఆగవద్దు. చిగుళ్ళ జబ్బు ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది, పళ్ళూ ఊడతాయి.