జేగురుగీత, రాగిరేకు

పదునెనిమిదవ శతాబ్దమున పారిస్ నగరమందు చిత్రలేఖనము నేర్వగోరిన బాలునకు తొలుతనే మనుష్యుని ఎదుట కూర్చుండి బొమ్మ గీయుటకు వీలులేకుండెను. మొదట గొప్పవారు గీచిన చిత్రములను చూచి దిద్దవలెను. పిదప గచ్చుతో పోతపోసిన శిల్పములను. తుదకు సజీవుడైన మనుష్యుని. అయితే గొప్ప చిత్రకారుడు చేతితో గీచిన చిత్రము లోకమున ఒక్కటియే యుండును. అది ఏ ప్రభువు పెట్టెలోనో భద్రముగా నుండగా, వడ్రంగి కొడుకు దేనిని చూచి దిద్దవలెను?

అచ్చుచిత్రములు అప్పటికి లేకపోలేదు. రాగిరేకుపై ఉలితో గీతలు చెక్కి, ఆ గాళ్ళలో సిరా నింపి, తడిపిన కాగితమును దానిపై నుంచి యంత్రముతో నొక్కుచుండిరి. కాని ఉలిగీత నున్నగా, బిఱుసుగా నుండును. చిత్రకారులు వాడెడి జేగురుసుద్ద గీత అట్టిది కాదు. అది కాగితపు గరుకుపై పొడిపొడిగా విరిగి, ఒత్తినచోట చిక్కనై, తేల్చినచోట పలుచనగును. ఉలిగీతను దిద్దిన చేతికి సుద్ద పట్టు అలవడుట కష్టము.

ఈ చిక్కును విప్పిన వారిలో జాన్ షార్ల్ ఫ్రాన్స్వా ముఖ్యుడు. అతడు రేకుపై మైనము, గుగ్గిలము కలిసిన పూత పూసి, పండ్లుగల చిన్న చక్రమును దానిపై దొర్లించెను. పండ్లు గ్రుచ్చుకొన్నచోటనెల్ల పూత చుక్కచుక్కలుగా తొలగెను. రేకును ఆమ్లమున ముంచగా, ఆ చుక్కలయందే రాగి కరగి గుంటలు పడెను. ఎఱ్ఱసిరాతో అచ్చొత్తినంత కాగితముపై జేగురుగీతయే నిలిచెను! అచ్చులో కుడియెడమలు తారుమారగును గనుక రేకుపై బొమ్మను ఎదురుగా గీయవలెను. అదియు సామాన్యమైన నేర్పు కాదు. 1757లో పారిస్ చిత్రకళా పరిషత్తు ఈ పనిని మెచ్చుకొనెను. ఈ పద్ధతిని మొదట కనుగొన్నవారెవరను తగవు మాత్రము అప్పుడే పుట్టినది. తరువాత డెమార్తో అను నిపుణుడు దీనికి మెఱుగుపెట్టి, బూషే మున్నగు చిత్రకారుల గీతలను వందలకొలది రేకులపైకి ఎక్కించెను.

1766లో బాషెలియే అను చిత్రకారుడు పారిస్‌లో రుసుము లేని చిత్రలేఖన పాఠశాలను తెఱచెను. చేతిపనులలో ప్రవేశింపనున్న 1500 మంది బాలురకు అందు చోటు కల్పింపబడెను. ఒక్కొక్క మూలచిత్రమును అందఱకు చూపుట అసాధ్యము. అచ్చుచిత్రమే వారికి గురువు.

ఈ దిద్దుడును ఒప్పనివారును ఉండిరి. 1762లో వెలువడిన ‘ఎమిల్’ అను గ్రంథమున రూసో, బాలుడు ఇంటిని చూచి ఇంటిని, చెట్టును చూచి చెట్టును గీయవలెనే గాని కాగితమును చూచి కాగితముపై గీయరాదని వాదించెను. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని తోటలో తిరుగుటకు తీరిక, వెంట నడచుటకు ఉపాధ్యాయుడు గల ఒక్క బాలుని కొఱకు చెప్పిన మాట యది. కంసాలి పనికో, నేతపనికో పోవలసిన బాలునకు అంత తీరిక ఎక్కడిది?

శతాబ్దాంతమున జర్మనీలో శిలాముద్రణము పుట్టెను. చిత్రకారుడు తానే రాతిపై సుద్దతో గీచి అచ్చొత్తించుకొనగలిగిన పిమ్మట, పండ్ల చక్రము క్రమముగా మూలపడెను. బాషెలియే స్థాపించిన బడి మాత్రము పేరులు మార్చుకొని నేటికిని పారిస్‌లో నడచుచున్నది.