గురి – గరిమనాభి

‘లాఘవం’ అనే మాటకు తేలికదనమని అర్థం. విలువిద్యలో ఆరితేరిన వీరుల హస్తలాఘవాన్ని ప్రాచీన కవులు వేనోళ్ళ కొనియాడారు. బాణం తీయడం, సంధించడం, విడవడం చూసేవారి కంటికి ఆనకుండా జరిగిపోవాలని వారి భావన. నేటి ఒలింపిక్ క్రీడల్లో తుపాకితో గురిచూసే క్రీడాకారుడు మాత్రం తేలికదనాన్ని అంతగా కోరుకోడు. పైగా, ఉన్న తుపాకికి ఇనుప దిమ్మెలు తగిలించి మరింత బరువు చేస్తాడు. పైకి విడ్డూరంగా తోచే ఈ పనికి బలమైన కారణాలున్నాయి.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో లక్ష్యఫలకంపై గీసిన వలయాలన్నిటినీ కలిపి కొలిస్తే వ్యాసం 45.5 మిల్లీమీటర్లు. నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు కాబట్టి, దాని అంచు ఆ చుక్కను తాకినా పది మార్కులు లభిస్తాయి. క్రీడాకారుడు నిలబడి, 75 నిమిషాల్లో 60 గుండ్లు పేల్చాలి. రైఫిల్ బరువు 5.5 కిలోలకు మించరాదు. ముందు గురికి, వెనుక గురికి నడుమ 80 సెంటీమీటర్ల దూరం ఉన్నదనుకుందాం. గుండు వెలువడే క్షణాన గొట్టం కొన అర మిల్లీమీటరు పక్కకు జరిగితే, పది మీటర్ల అవతల గుండు ఆరు మిల్లీమీటర్లకు పైగా తప్పిపోతుంది. పది రావలసిన చోట ఎనిమిదే వస్తుంది. గుండె కొట్టుకోవడం, ఊపిరి ఆడటం, కండరాలు సన్నగా వణకడం ఆ అర మిల్లీమీటరుకు చాలినంత కదలికను పుట్టించగలవు. శరీరాన్ని శిలగా మార్చడం ఎవరి తరమూ కాదు. దాని కదలికలు తుపాకికి సోకకుండా చూడటమే సాధ్యం.

బరువు చేసే మొదటి మేలు ఇక్కడే ఉంది. ద్రవ్యరాశి ఎక్కువైన వస్తువు చిన్న చిన్న కుదుపులకు చలించదు. పడవ మీద కాలు మోపితే అది ఊగుతుంది, ఓడ ఊగదు. రెండవ మేలు న్యూటన్ మూడవ గమన సూత్రం వలన కలుగుతుంది. గుండు ముందుకు దూసుకుపోయేటప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది. ఎయిర్ రైఫిల్ గుండు బరువు దాదాపు అర గ్రాము, వేగం సెకనుకు దాదాపు 170 మీటర్లు. ఆ లెక్కన 5 కిలోల రైఫిల్ సెకనుకు 1.7 సెంటీమీటర్ల వేగంతో వెనక్కి కదులుతుంది. అదే రైఫిల్ రెండున్నర కిలోలే ఉంటే ఆ వేగం రెట్టింపవుతుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కదలిక మొదలవుతుంది కనుక దీనిని తేలికగా తీసుకోవడానికి వీలులేదు.

అయితే బరువు ఎంత అన్నదానికన్నా బరువు ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. కావడి మోసేవానికి ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. బద్దను భుజంపై ఎక్కడ ఆనిస్తే రెండు కుండలూ తూగుతాయో అతని భుజమే చెబుతుంది. వస్తువు బరువంతా ఏ బిందువు వద్ద కేంద్రీకృతమైనట్లు ప్రవర్తిస్తుందో ఆ బిందువును గరిమనాభి అంటారు. తుపాకి గరిమనాభి ఆధారమిచ్చే చేతికి చాలా ముందుకు జరిగితే గొట్టం కిందికి వాలుతుంది; వెనక్కి జరిగితే కొన తేలిపోయి అటూ ఇటూ తచ్చాడుతుంది.

100 గ్రాముల దిమ్మెను చేతికి 15 సెంటీమీటర్ల ముందు బిగించి, తర్వాత దానినే 60 సెంటీమీటర్ల దూరానికి జరిపితే ఏమవుతుంది? గొట్టాన్ని కిందికి లాగే భ్రామకం దూరానుపాతంలో పెరిగి నాలుగు రెట్లవుతుంది. కానీ తిప్పుడును ఎదిరించే గుణం, అంటే ఆ దిమ్మె జడత్వ భ్రామకం, దూరపు వర్గానుపాతంలో పెరిగి పదహారు రెట్లవుతుంది. తాడుమీద నడిచేవారు పొడవైన వెదురుగడ పట్టుకోవడంలోని రహస్యం ఇదే. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు సాధించిన కాంపౌండ్ విలువిద్యలోనూ వింటికి ముందు పొడవైన కడ్డీ, దాని కొనకు చిన్న బరువులు బిగిస్తారు. పూర్వకవులు మెచ్చిన లాఘవానికి ఇలా గరిమ తోడైంది.

ఈ మేలు ఊరికే రాదు. ఎడమ మోచేతిని తుంటి ఎముకపై ఆనించి, మొండెాన్ని కాస్త వెనక్కి వంచి, కండరాలకు బదులు ఎముకలే రైఫిల్ భారాన్ని మోసేటట్లు క్రీడాకారుడు నిలబడతాడు. అతని శరీరానికి, రైఫిల్‌కు కలిపి ఏర్పడే ఉమ్మడి గరిమనాభి పాదాల నడుమనే పడాలి. ముందు బరువు పెరిగినకొద్దీ నడుము మరింత వంగాలి. మొదటి పది గుండ్లకు నిలకడనిచ్చిన దిమ్మే యాభైయవ గుండుకు వణుకు తెప్పించవచ్చు. అందుకే ఉపకరణాల ఎంపిక ఎప్పుడూ బేరమే. గురి దూరాన్ని పెంచే గొట్టపు ముక్కను ముందు తగిలిస్తే గురిలో సూక్ష్మత హెచ్చుతుంది, దానితోపాటు కొన భారమూ హెచ్చుతుంది. అప్పుడు మడమ వైపు కొంత బరువు చేర్చి సరితూచాలి. గాలి నింపే సిలిండర్ ఉక్కుదా, అల్యూమినియందా అన్న నిర్ణయం కూడా గరిమనాభిని కదిలిస్తుంది. అందంగా ఉన్నదనో, పతకం గెలిచినవారు వాడారనో కొని తగిలించిన ఉపకరణం చాలాసార్లు చేటే చేస్తుంది. ఒకరి తుంటి ఎత్తు, చేతి పొడవు మరొకరివి కావు.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం సాధించాడు. రజతం గెలిచిన ఇటలీ క్రీడాకారుడు నికోలో కాంప్రియానికి వచ్చినవి 701.5. ఆ 0.4 తేడాను లక్ష్యఫలకం మీది దూరంగా మారిస్తే ఒక మిల్లీమీటరు.

రైఫిల్‌కు పనికివచ్చిన సూత్రం అన్ని తుపాకులకూ అదే తీరున వర్తించదు. 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో ఐదు లక్ష్యాలపై ఐదు గుండ్లు వరుసగా పేల్చాలి. గడువు ఎనిమిది, ఆరు, చివరకు నాలుగు సెకన్లు. విజయ్ కుమార్ 2012లో రజతం గెలిచింది ఇందులోనే. ఇక్కడ కొన బరువు పిస్టల్ పైకి ఎగరడాన్ని తగ్గిస్తుంది, కానీ ఒక లక్ష్యం నుంచి మరొక లక్ష్యానికి తిరగడాన్ని ఆలస్యం చేస్తుంది. తిరిగినది సరిగా ఆగడమూ కష్టమవుతుంది. ఎగిరే మట్టి బిళ్ళలను కొట్టే షాట్‌గన్‌ది మరొక దారి. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్‌కు రజతం తెచ్చిన డబుల్ ట్రాప్ పోటీలో రెండు బిళ్ళలు ఒకేసారి ఎగిరేవి. అటువంటి ఆటలో తుపాకి రెండు చేతుల నడుమ తూగుతూ కంటి వెంట తిరగాలి. కదలనివ్వని జడత్వమే అక్కడ అడ్డంకి.

శిక్షణలో అనుభవజ్ఞులు ఒకసారి ఒకే మార్పు చేస్తారు. దిమ్మెను రెండు సెంటీమీటర్లు జరిపి పది గుండ్లు పేల్చి, రంధ్రాలు దగ్గరగా పడ్డాయా, చెదిరాయా అని చూస్తారు. అలసిన తర్వాత మళ్ళీ పది పేల్చి పోలుస్తారు. ఎదిగే వయసు పిల్లలకైతే భుజాలు, చేతులు పెరిగినప్పుడల్లా ఈ తూకం మొదటికి వస్తుంది. పోటీకి ముందు అధికారులు రైఫిల్‌ను ఉపకరణాలన్నిటితో సహా తూచి చూస్తారు. ఆ 5.5 కిలోల్లో ఎంత వాడుకోవాలి, ఎక్కడ ఉంచాలి అన్నది అప్పటికే తేలిపోయి ఉండాలి.