గన్నవరానికి కొత్త విమానాలు ఎందుకు రావు? వచ్చినవి ఎందుకు ఆగిపోతాయి?

భవానీపురం నుంచే మాట్లాడుతున్నాను. మధ్యలో హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, మాది హైదరాబాద్ రోడ్డు పక్కనే.

మా అక్క సింగపూర్‌లో ఉంటుంది. అమ్మకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఇన్నాళ్ళూ అమ్మ అక్క దగ్గరికి వెళ్ళాలంటే ముందు మేం కారు మాట్లాడుకుని శంషాబాద్ వెళ్ళాలి, లేదా చెన్నై రైలెక్కాలి. శంషాబాద్ అంటే మా ఇంటి నుంచి 270 కిలోమీటర్ల పైమాటే. రాత్రంతా ప్రయాణం, టోల్ గేట్లు, సూర్యాపేటలో టీ, తెల్లారేసరికి ఎయిర్‌పోర్ట్. అమ్మని లోపలికి పంపేసి మళ్ళీ అంత దూరం వెనక్కి. మొన్న మాత్రం గన్నవరంలో ఎక్కించాం. ఎక్కడా విమానం మారక్కర్లేదు కాబట్టి అమ్మ మొదటిసారి ఒంటరిగా వెళ్ళింది. నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేశాను.

వారానికి మూడు రోజులు నడిచే ఈ సింగపూర్ సర్వీసుని ఇండిగో 2025 నవంబర్ 15న మొదలుపెట్టింది. అయితే ఇది మొదటిసారి కాదు. 2018 డిసెంబర్ 4న ఇదే ఇండిగో, ఇదే గన్నవరం నుంచి, ఇదే సింగపూర్‌కి వారానికి రెండుసార్లు నడిపింది. 2019 జూన్ చివర్లో ఆగిపోయింది. గట్టిగా ఏడు నెలలు కూడా నడవలేదు. మళ్ళీ రావడానికి ఆరేళ్ళ పైన పట్టింది. ఎందుకలా? ఈ ఎపిసోడ్ దాని గురించే.

చాలామంది అనుకునేది ఏంటంటే, ఎయిర్‌పోర్ట్ కడితే విమానాలు వాటంతటవే వస్తాయని. రావు. రన్‌వే పొడుగు పెంచినా రావు. మనదే చూడండి. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో వాడిన పాత స్థావరం ఇది. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్‌కి రోజూ విమానం మొదలుపెట్టాక మళ్ళీ కాస్త ప్రాణం వచ్చింది. 2014 విభజన చట్టంలో విశాఖ, విజయవాడ, తిరుపతి ఎయిర్‌పోర్టులని అంతర్జాతీయ స్థాయికి తెచ్చే సంగతి పరిశీలిస్తామని రాశారు. 2017 మేలో కేంద్ర క్యాబినెట్ గన్నవరానికి ఇంటర్నేషనల్ హోదా ఇచ్చింది. రన్‌వే 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకి పెరిగింది. ఈ విస్తరణ కోసం కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి రైతులు దాదాపు 700 ఎకరాలు ఇచ్చారు, బదులుగా అమరావతిలో ప్లాట్లు తీసుకునే ఒప్పందం మీద. కాబట్టి ఆ రన్‌వే ఖాళీగా ఉంటే నష్టం ఎయిర్‌పోర్ట్ అథారిటీ ఒక్కదానిదే కాదు.

హోదా వచ్చింది, రన్‌వే వచ్చింది. మరి విదేశీ ఎయిర్‌లైన్స్ ఎందుకు రాలేదు? ఇక్కడ చాలామందికి తెలియని ఒక అడ్డం ఉంది. ఒక దేశం ఎయిర్‌లైన్ ఇంకో దేశంలో ఇష్టమొచ్చిన ఊళ్ళో దిగడానికి కుదరదు. రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉండాలి, అందులో ఊరి పేరు ఉండాలి. మన దేశం 2003లో ఆసియాన్ దేశాల ఎయిర్‌లైన్స్ కోసం 18 పర్యాటక నగరాల్ని తెరిచింది. అందులో విశాఖ ఉంది, విజయవాడ లేదు. అందుకే సింగపూర్ సొంత ఎయిర్‌లైన్ సిల్క్ ఎయిర్, దాని తర్వాత స్కూట్, విశాఖలో దిగాయి గానీ గన్నవరం రాలేదు. దుబాయ్ సంగతీ అంతే. ఎమిరేట్స్ లాంటి కంపెనీలకి మనవాళ్ళు కొన్ని ఊళ్ళు, వారానికి ఇన్ని సీట్లు అని లెక్కగట్టి ఇస్తారు. ఇండియన్ కంపెనీలకి మాత్రం ఇక్కడ ఆ జాబితా అడ్డు రాదు. అందుకే గన్నవరం నుంచి బయటికి వెళ్ళిన రెగ్యులర్ సర్వీసులు మనవాళ్ళవే: సింగపూర్‌కి ఇండిగో, 2022 అక్టోబర్ 31 నుంచి షార్జాకి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్.

సరే, ఇండియన్ కంపెనీనే పిలుద్దాం. పిలవడం ఎలా? ఇది అచ్చంగా పెళ్ళిచూపుల్లాంటిదే. 'రూట్స్' అని ప్రపంచవ్యాప్తంగా సమావేశాలు జరుగుతాయి. అక్కడ ఎయిర్‌పోర్ట్ వాళ్ళు, ఎయిర్‌లైన్స్ వాళ్ళు బల్లకి అటూ ఇటూ కూర్చుని కొద్ది నిమిషాలే మాట్లాడుకుంటారు. ఎయిర్‌పోర్ట్ వాళ్ళు ఏం చూపించాలి? "మా ఊరు గొప్పది, దుర్గమ్మ గుడి ఉంది" అంటే పని జరగదు. "మా చుట్టుపక్కల జిల్లాల నుంచి ఇంతమంది మీరు వెళ్ళే ఊరికి ఇప్పటికే వెళ్తున్నారు, కాకపోతే వేరే ఎయిర్‌పోర్ట్ నుంచి వెళ్తున్నారు" అని లెక్క చూపించాలి. మా ఇంటి కథే ఆ లెక్క. అమ్మ శంషాబాద్‌లో ఎక్కినన్నాళ్ళూ కంప్యూటర్‌లో ఆమె హైదరాబాద్ ప్రయాణికురాలు. భీమవరం నుంచో, గుడివాడ నుంచో అమెరికా వెళ్ళే కుర్రాళ్ళూ హైదరాబాద్ లెక్కలోనే పడతారు. గన్నవరానికి అసలు గిరాకీ ఎంతో గన్నవరం అంకెలు చూస్తే తెలియదు.

ఇప్పుడు డబ్బు లెక్క. విమానం గాల్లో ఉన్నప్పుడే సంపాదిస్తుంది, నేల మీద ఉంటే లీజు ఖర్చు. కొత్త రూట్‌లో మొదటి నెలల్లో సీట్లు నిండవు. ఆ భయం పోగొట్టడానికి ప్రభుత్వాలు 'వయబిలిటీ గ్యాప్ ఫండింగ్' ఇస్తాయి. అర్థం కావడానికి నేను వేసుకున్న ఉత్తుత్తి అంకెలు చెప్తాను. 180 సీట్ల విమానం, ఒక ట్రిప్పుకి ఖర్చు 18 లక్షలు, సగటు టికెట్ 12 వేలు అనుకుందాం. 150 సీట్లు అమ్ముడైతే లాభం లేదు, నష్టం లేదు. 100 మాత్రమే అమ్ముడైతే వచ్చేది 12 లక్షలు, లోటు 6 లక్షలు. ఆ 6 లక్షలు ప్రభుత్వం కడుతుంది. వారానికి రెండుసార్లు వెళ్ళిరావడం అంటే నాలుగు ట్రిప్పులు, 24 లక్షలు. నెలకి కోటి దగ్గరికి వచ్చేసింది చూశారా!

2018 సింగపూర్ సర్వీసు ఇలా రాష్ట్ర ప్రభుత్వం లోటు భర్తీ చేస్తానన్న హామీ మీదే మొదలైంది. 2019లో ప్రభుత్వం మారింది, ఆ ఏర్పాటు ముందుకి సాగలేదు, విమానం ఆగింది. ఏ పార్టీది తప్పు అని నన్ను అడగకండి, అది వేరే గొడవ. నాకు అనిపించేది ఒకటే. ఏడు నెలల్లో ఏ రూట్ కూడా నిలదొక్కుకోదు. జనానికి అలవాటు కావడానికే ఏడాది పడుతుంది. హామీ ఇస్తే రెండు మూడేళ్ళు ఇవ్వాలి, ఏటా తగ్గించుకుంటూ రావాలి, ఏ నెల ఎన్ని సీట్లు నిండాయి, ఎంత కట్టాం అనేది బయట పెట్టాలి. లేకపోతే ఇవ్వకపోవడమే నయం.

కేంద్రం 'ఉడాన్' పథకంలో చేసింది దాదాపు ఇదే. చిన్న ఊళ్ళకి మూడేళ్ళు సాయం, సగం సీట్లకి టికెట్ ధర మీద పరిమితి, ఇంకో కంపెనీ పోటీకి రాకుండా రక్షణ. 2017 ఏప్రిల్‌లో ప్రధాని జెండా ఊపిన మొదటి రూట్లలో మన కడప–హైదరాబాద్ ఒకటి. నడిపింది ట్రూజెట్. 2022 ఫిబ్రవరికి ఆ కంపెనీ విమానాలే ఆగిపోయాయి. రూట్‌కి సాయం చేయొచ్చు గానీ కంపెనీనే బతికించలేం కదా.

ఇంకో ఆయుధం ఇంధనం మీద పన్ను. విమానం ఖర్చులో పెద్ద వాటా ఇంధనానిదే. తమిళనాడులో దాని మీద వ్యాట్ 29 శాతం దాకా ఉండేది. మన రాష్ట్రం 2015లోనే 16 నుంచి 1 శాతానికి తగ్గించింది. పైలట్ ఇక్కడ ట్యాంక్ నింపుకుని వెళ్తే కంపెనీకి మిగులే. పెద్దగా చప్పుడు లేకుండా చేసిన పని ఇది, కానీ టెర్మినల్ ముందు ఫౌంటెన్ల కన్నా బాగా పనికొస్తుంది.

సరుకు విమానాల దగ్గరికి వద్దాం. "ఇంత రొయ్య పండిస్తున్నాం, కార్గో విమానం ఎందుకు రాదు?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. మా బాబాయ్‌కి ఆటోనగర్‌లో రెండు లారీలు ఉండేవి. ఆయన్ని అడిగితే ఒక్క మాటలో తేల్చేశాడు: "తిరుగు లోడు ఏదిరా?" అంతే. వెళ్ళేటప్పుడు నిండుగా వెళ్ళి ఖాళీగా వచ్చే లారీ ఎలా మునుగుతుందో విమానమూ అలాగే మునుగుతుంది. ఇండిగో నడిపే ఎయిర్‌బస్ ఎ321 సరుకు విమానంలో దాదాపు 27 టన్నులు పడతాయి. రోజూ అటు 27, ఇటు 27 ఎవరు తెస్తారు?

పైగా మన రొయ్యకి విమానం అక్కర్లేదు. గడ్డకట్టించి కంటైనర్‌లో పెడితే ఓడలో వారాల తరబడి వెళ్ళినా పాడవదు, ఖర్చు చాలా తక్కువ. విమానం కావాల్సింది ప్రాణంతో వెళ్ళేవాటికి, త్వరగా పాడయ్యేవాటికి. నాగాయలంక వైపు పెంచే మండపీతలు ఉన్నాయి. కాళ్ళు తాడుతో కట్టి, తడి ఆరకుండా బుట్టల్లో పెట్టి, బతికుండగానే పంపాలి. అవి రోడ్డు మీద చెన్నై దాకా వెళ్ళి అక్కడ విమానం ఎక్కుతాయి. దారిలో చచ్చిన పీతకి ధర లేదు. నూజివీడు మామిడి ఉంది, గన్నవరానికి కూతవేటు దూరం. కానీ అది రెండు మూడు నెలల సీజన్. పైగా అమెరికాకి పంపాలంటే పండుకి రేడియేషన్ ట్రీట్‌మెంట్, జపాన్‌కైతే ఆవిరి ట్రీట్‌మెంట్ తప్పనిసరి. ఇక మన పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు. అమెరికా కొరియర్ బోర్డు లేని వీధి బెజవాడలో ఉందా?

వీటికి పూర్తి సరుకు విమానం అవసరం లేదు. ప్రయాణికుల విమానం కడుపులో ఖాళీ ఉంటుంది. ఎ320లో మన సూట్‌కేసులు పోగా ఒకటి రెండు టన్నులు సర్దొచ్చు. అందుకే నేను అనేది, గన్నవరానికి ముందు కావాల్సింది సరుకు విమానం కాదు, క్రమం తప్పని ప్రయాణికుల విమానం. అమ్మ పైన కూర్చుంటే పీతలు కింద కూర్చుంటాయి. రెండూ కలిస్తేనే ఆ 150 సీట్ల లెక్క 130కో 135కో దిగుతుంది. ఇంకో విషయం, విదేశీ కంపెనీల అద్దె సరుకు విమానాల్ని కేంద్రం 2020లో ఆరు ఎయిర్‌పోర్టులకే పరిమితం చేసింది: ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్.

బయట దేశాల్లో రెండు ఉదాహరణలు చెప్తాను. శ్రీలంకలో మత్తల ఎయిర్‌పోర్ట్ 2013లో తెరిచారు. 3,500 మీటర్ల రన్‌వే, అద్దాల మేడ. చుట్టూ ప్రయాణికులు లేరు. 2015లో శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్, 2018లో ఫ్లైదుబాయ్ మానుకున్నాయి. మధ్యలో కార్గో గోడౌన్లలో ధాన్యం బస్తాలు పెట్టారు. మన డెల్టా రైతు వింటే నవ్వుతాడో ఏడుస్తాడో! రెండోది పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్. ఫుట్‌బాల్స్, ఆపరేషన్ పరికరాలు తయారుచేసే ఊరు. అక్కడి వ్యాపారులే డబ్బులు పోగేసి 2007లో ఎయిర్‌పోర్ట్ తెరిచారు. వాళ్ళ దగ్గర సరుకు ముందుంది, రన్‌వే తర్వాత వచ్చింది. 2020లో సొంతంగా ఎయిర్‌లైన్ కూడా పెట్టుకున్నారు.

మనం ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉన్నాం. జనం ఉన్నారు, సరుకూ ఉంది, కాకపోతే రెండూ హైదరాబాద్, చెన్నై లెక్కల్లో రాసి ఉన్నాయి.

మీకు ఆసక్తి ఉంటే ఒకటి గమనించండి. ఎయిర్‌లైన్స్ షెడ్యూళ్ళు ఏడాదికి రెండుసార్లు మారతాయి, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. ఆ తేదీలకి ముందు ఫోన్‌లో బుకింగ్ యాప్ తెరిచి 'వీజీఏ' అని కొట్టి, షెడ్యూల్ మారాక వచ్చే వారాల్లో సింగపూర్, షార్జా టికెట్లు అమ్ముతున్నారో లేదో చూడండి. అమ్మ తిరుగు టికెట్ ఏప్రిల్‌లో, అందుకే నేను ఇప్పటికి మూడుసార్లు చూశాను.