హైదరాబాదు - విజయవాడ విమానాశ్రయాల మధ్య దూరం

హైదరాబాదు నగరానికి చెందిన శంషాబాదు రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి, విజయవాడ నగరానికి చెందిన గన్నవరం విమానాశ్రయానికి మధ్య వాయుమార్గ దూరం సుమారు 264 కి.మీ. (143 నాటికల్ మైళ్ళు). రహదారి మార్గాన ఈ దూరం దాదాపు 300 కి.మీ. శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైనది. అంతకుముందు హైదరాబాదు విమానాలు బేగంపేట నుండి నడిచేవి. గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా లభించింది.

వాయుమార్గం

పటంపై ఈ రెండు విమానాశ్రయాలను ఒక సరళరేఖతో కలిపితే, ఆ రేఖ ఇంచుమించు సగం దూరం వద్ద మిర్యాలగూడ పట్టణానికి అతి సమీపంగా పోతుంది. ఈ మార్గంలో నడిచే ఏ.టి.ఆర్. రకపు చిన్న విమానం గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో ఎగురుతుంది. ఈ లెక్కన అరగంటలో చేరాలి. కాని పైకి లేవడానికి, దిగడానికి, రన్‌వే వరకు నడవడానికి పట్టే సమయం కలుపుకొని ప్రయాణ కాలం దాదాపు ఒక గంట అవుతుంది. ప్రయాణికుడు రెండు గంటలు ముందుగా విమానాశ్రయం చేరాలి, దిగిన తరువాత సామాను తీసుకోవాలి. కనుక మొత్తం మూడున్నర గంటలకు తక్కువ కాదు.

రహదారి మార్గం

శంషాబాదు నుండి బాహ్యవలయ రహదారిపై పెద్ద అంబర్‌పేట వరకు వచ్చి, అక్కడ 65వ జాతీయ రహదారిని అందుకోవాలి (పూర్వం దీని సంఖ్య 9). చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడ చేరి, అక్కడి నుండి 16వ జాతీయ రహదారిపై సుమారు 20 కి.మీ. వెళ్తే గన్నవరం వస్తుంది. మామూలు రోజులలో ఐదారు గంటలు పడుతుంది. సంక్రాంతి ముందు రోజులలో ఈ లెక్క పనికిరాదు. పంతంగి టోల్‌గేటు వద్దనే వాహనాలు బారులు తీరుతాయి.

మధ్యలోని పట్టణాలు

సూర్యాపేట ఈ దారికి దాదాపు నడుమ ఉంది. ఇక్కడి నుండి ఏ విమానాశ్రయానికైనా 150-160 కి.మీ. ప్రయాణమే. పట్టణంలో రైల్వే స్టేషను లేనందున రోడ్డు తప్ప వేరు దారి లేదు. కోదాడ నుండి గన్నవరం సుమారు 115 కి.మీ. కాగా శంషాబాదు 190 కి.మీ. వరకు ఉంటుంది. అయినప్పటికీ, అమెరికా, గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు విమానాల సంఖ్య ఎక్కువగా ఉన్నందున శంషాబాదునే ఎంచుకోవడం సహజం. బియ్యపు మిల్లులకు పేరుపొందిన మిర్యాలగూడకు సికింద్రాబాదు - గుంటూరు రైలు మార్గం ఉంది. నార్కట్‌పల్లి - అద్దంకి రహదారి కూడ ఈ పట్టణం మీదుగానే పోతుంది.

ఈ రెండవ దారి విలువ 2024 సెప్టెంబరు మొదటి వారపు వరదలలో తెలిసివచ్చింది. కోదాడ దాటిన తరువాత రాష్ట్ర సరిహద్దున గరికపాడు వద్ద పాలేరు పొంగి, వంతెన దెబ్బతిని, జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి. అదే సమయంలో కేసముద్రం సమీపాన రైలు పట్టాల క్రింద కట్ట కొట్టుకుపోవడంతో కాజీపేట - విజయవాడ మార్గంలో రైళ్ళు ఆగిపోయాయి. విజయవాడ వెళ్ళవలసిన వాహనాలను నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, గుంటూరుల మీదుగా మళ్ళించారు.